థర్మోకోల్ భూగోళం

“అమ్మా! నాలుగు థర్మోకోల్ షీట్లు, ఒక ఫెవికాల్ డబ్బా, పచ్చరంగు, నీలంరంగు... సాయంత్రానికల్లా కావాలి.”

2024 అక్టోబరులో ఓ పొద్దున్న మా అమ్మాయి కాలేజీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి చదివిన జాబితా ఇది. అప్పుడు అది డిగ్రీ మొదటి సంవత్సరం.

“ఎందుకే అవన్నీ?” అన్నాను, పొయ్యి మీద పోపు మాడుతుందేమోనన్న కంగారులో.

“ఎన్విరాన్‌మెంట్ ప్రాజెక్టమ్మా. ‘భూమాతను కాపాడుకుందాం’ అని భూగోళం చేసి పట్టుకెళ్ళాలి. బాగా చేస్తే ఇంటర్నల్ మార్కులు పూర్తిగా వేస్తారట.”

ఫిల్మ్‌నగర్‌లో కాపురముండే వాళ్ళకి థర్మోకోల్ సంపాదించడం ఓ పెద్ద పని కాదు. మావారు ఓ సినిమా ప్రొడక్షన్ ఆఫీసులో లెక్కలు చూస్తారు. ఆయనకి ఫోన్ చేస్తే సాయంత్రానికి నాలుగు కాదు, ఆరు షీట్లు తెచ్చారు. ఏదో గుడి సెట్టు విప్పేశారట, దానిలో మిగిలినవట. ఒకవైపు రాతిగోడలా బూడిదరంగు పూసి, దాని మీద తామరపువ్వు సగం చెక్కి ఉంది. ఆ గుడిగోడని తల్లీకూతుళ్ళం రాత్రి పదకొండింటి దాకా కూర్చుని కోసి, అంటించి, రంగులు పూసి భూగోళం చేశాం. మర్నాడు పనిమనిషి వచ్చి, “ఇదేందమ్మా, ఇల్లంతా సగ్గుబియ్యం పారబోసినట్టున్నది!” అంది. నిజంగానే అలా ఉంది. ఆ తెల్లపొడి చీపురికి రాదు, తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకి అంటుకుంటుంది గానీ నీళ్ళలో వదలదు. వారం రోజులపాటు పప్పుడబ్బాల సందుల్లో కూడా అదే.

మార్కులు మాత్రం పూర్తిగా పడ్డాయి.

నెల తిరక్కుండా పేరెంట్స్ మీటింగుకి పిలిస్తే వెళ్ళాను. దారి తప్పి క్యాంటీన్ వెనక్కి వెళ్ళానేమో, అక్కడ గోడ వారగా మా భూగోళం కనిపించింది. దాంతోపాటు దాని తోబుట్టువులు యాభై అరవై దాకా ఉన్నాయి. ఆఫ్రికా ఊడిపోయిన భూగోళాలు, సముద్రం వెలిసిపోయిన భూగోళాలు. కొన్నింటికి అప్పుడే ఎవరో నిప్పు పెట్టినట్టున్నారు, నల్లగా కరిగి ముద్దయిపోయి ఘాటైన వాసన వేస్తున్నాయి. ఆ కాలేజీలో ఊడ్చే ఆయమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, “ఏం చెయ్యమంటవమ్మా, చెత్తబండోళ్ళు తీస్కపోరు. ఈడ పెడితే ఎగిరిపోయి మళ్ళ నేనే ఊడ్వాలె” అంది.

దేశమంతటా 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నింటిని నిషేధించారు. ఆ జాబితాలో అలంకరణకి వాడే థర్మోకోల్ కూడా ఉంది. అంటే, భూమిని ఎలా కాపాడాలో చెప్పడానికి మేం వాడింది అప్పటికి రెండేళ్ళ కిందటే నిషేధించిన సరుకన్నమాట! కడుపులో దేవినట్టయింది. అది ఆ పొగవల్లో, సిగ్గువల్లో చెప్పలేను.

పాఠం ఉంది, పరీక్షా ఉంది

పర్యావరణం గురించి కాలేజీల్లో చెప్పడం లేదని ఎవరూ అనలేరు. ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే, చదువుల్లో పర్యావరణం తప్పనిసరి పాఠం కావాలని చెప్పింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల సిలబస్ ఒకటి తయారు చేసింది. అదొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. బీకామ్ చదివినా, బీఎస్సీ చదివినా ఆ పేపరు రాయాల్సిందే. అడవులు, నీళ్ళు, జీవవైవిధ్యం, కాలుష్యం అన్నీ ఉంటాయందులో.

మా అమ్మాయికి ఆ పేపర్లో మంచి మార్కులొచ్చాయి. దాని గైడు నేనూ తిరగేశాను. ‘చెట్ల వల్ల ఉపయోగములు’ పదకొండు పాయింట్లుగా ఉన్నాయి. మరి ఆ గైడు చదివే క్లాసు కిటికీలోంచి కనిపించే చెట్టు పేరేమిటని అడిగితే ముప్ఫై మందిలో నలుగురికి కూడా తెలియదట. ఈ మాట మా అమ్మాయే చెప్పింది. ఆ నలుగురిలో అదీ లేదు.

నవ్వుకున్నాను గానీ, దాని వయసులో నాకు మాత్రం ఏం తెలుసు? మాది తెనాలి దగ్గర పల్లె. ఇంటర్ అవగానే పెళ్ళి చేసి ఈ హైదరాబాద్ పంపించారు. బస్సు దిగి ఫిల్మ్‌నగర్ వైపు ఆటోలో వస్తుంటే ఇల్లంత బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనిపించాయి. “ఇవి కూడా సెట్టింగులేనా అండీ?” అని మావారిని అడిగాను. ఇరవై ఏళ్ళయినా ఆయన ఇంకా ఆ మాట చెప్పి నలుగురిలో నవ్విస్తుంటారు.

సెట్టింగులు కావవి. ఈ బండలు రెండువందల యాభై కోట్ల ఏళ్ళనాటివని భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. అక్కినేని నాగేశ్వరరావుగారు 1970లలో అన్నపూర్ణ స్టూడియో కట్టించేనాటికి ఇటువైపంతా రాళ్ళగుట్టలే. సినిమా వాళ్ళొచ్చారు, వాళ్ళ వెనక ఇళ్ళొచ్చాయి, ఇళ్ళ వెనక బస్తీలు, హోటళ్ళు, కాలేజీలూ వచ్చాయి. వచ్చిన ప్రతి ఒక్కళ్ళకీ కాస్త చదునైన నేల కావాలి కాబట్టి గుట్టలు పగిలాయి. రాళ్ళని కాపాడాలని 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అని ఓ సంఘమే పుట్టిందంటే చూడండి. కొన్ని రాళ్ళగుంపులు వారసత్వ సంపద జాబితాకీ ఎక్కాయి.

ఈ గుట్టలకీ మన కుళాయికీ సంబంధం ఉంది. బండనేల నీళ్ళు తాగదు. బండల సందుల్లో ఉన్న ఆ కాస్త మట్టినీ పట్టుకుని చెట్లు నిలబడితేనే వాననీళ్ళు నెమ్మదిగా లోపలికి దిగుతాయి. చెట్టు పోతే మట్టి జారిపోతుంది, నీళ్ళు రోడ్డెక్కి పల్లానికి పరుగెడతాయి. అందుకే మా దగ్గర వానాకాలంలో రోడ్డు మీద వాగు, ఎండాకాలంలో ఇంటిముందు ట్యాంకరు. ఈ నగరానికి కృష్ణనీళ్ళు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తున్నాయి, గోదావరి నీళ్ళయితే ఇంకా దూరం నుంచి. అంత దూరం నుంచొచ్చిన నీళ్ళని మళ్ళీ ఈ గుట్టల మీదికి ఎక్కించాలి. అదే ఒకప్పుడు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకి నీళ్ళిచ్చింది పక్కనే ఉన్న మన దుర్గం చెరువు!

బండమీద కూర్చున్న రోజు

నేను డిగ్రీ చదివింది పెళ్ళయ్యాకే. అమ్మాయికి మూడేళ్ళప్పుడు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరాను. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్శిటీగా మొదలైంది అది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. ఆదివారాలు స్టడీ సెంటర్లో క్లాసులు, మిగతా ఆరు రోజులూ వంటింట్లో చదువు. నాలాంటి ఎందరో ఆడవాళ్ళకి ఆగిపోయిన చదువుని మళ్ళీ చేతికందించిన చోటది.

సర్టిఫికెట్ పని మీద ఓసారి జూబ్లీహిల్స్‌లోని దాని ప్రధాన కార్యాలయానికి వెళ్ళాను. మధ్యాహ్నం దాకా ఆగమన్నారు. బయటికొచ్చి చెట్టునీడ పడుతున్న ఓ బండమీద కూర్చున్నాను. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. నా చేతిలో ఏ పనీ లేకుండా, ఎవరూ పిలవకుండా రెండు గంటలు గడిచాయి. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆ రెండు గంటల్లోనే నా మొదటి కథ మనసులో తయారైంది. కాలేజీ అంటే క్లాసురూమొక్కటే కాదని, దాని చుట్టూ ఉన్న నీడ కూడా చదువేనని ఆరోజు నాకు అనిపించింది.

అనిపించడం వేరు, సమయం వచ్చినప్పుడు దానికోసం నిలబడటం వేరు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆ ఉగాది రోజు

2025 మార్చి 30. ఉగాది. వేపపువ్వు దూసుకుంటున్నాను. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “అమ్మా, సెంట్రల్ యూనివర్శిటీ దగ్గరికి జేసీబీలు వచ్చాయట. చెట్లు కొట్టేస్తున్నారట!”

ఆ కథ మీకందరికీ తెలిసిందే అయినా క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. గచ్చిబౌలిలో దానికి దాదాపు 2,300 ఎకరాలిచ్చారు. దాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీద గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. 2003లో అప్పటి ప్రభుత్వం ఆ నేలని ఓ క్రీడాసంస్థకి ఇచ్చింది. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. ఆ కేసు కోర్టుల్లో నానుతూ వచ్చి 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా తేలింది. ఐటీ కంపెనీల కోసం వేలం వేస్తామని ప్రభుత్వం అంది. నేల మాది, విశ్వవిద్యాలయానిది కాదు, రికార్డుల్లో అడవీ కాదు అన్నది ప్రభుత్వ వాదన. కాగితం మీద పేరేదైనా అక్కడ జింకలున్నాయి, నెమళ్ళున్నాయి, నక్షత్ర తాబేళ్ళున్నాయి, రెండు వందలకు పైగా రకాల పక్షులున్నాయి అన్నది పిల్లల వాదన.

కంచె అంటే ఏమిటో మా ఆయమ్మ చెబితే తెలిసింది నాకు. వాళ్ళ పాలమూరు వైపు పశువులు మేసే బీడుని కంచె అంటారట. బయటినుంచి చూసేవాళ్ళకి ముళ్ళపొదలు. అక్కడ మేకల్ని తోలుకెళ్ళిన వాళ్ళకి మాత్రం పండ్లు, పుల్లలు, మందాకులు. బతుకమ్మకి పేర్చే తంగేడు పూసేది కూడా అలాంటి నేలలోనే.

ఆ ఉగాదినాడు అడ్డుకున్న విద్యార్థుల్ని పదుల సంఖ్యలో పోలీసులు పట్టుకుపోయారు. మా అమ్మాయి స్నేహితురాళ్ళు ముగ్గురు స్కూటర్ల మీద గచ్చిబౌలి బయల్దేరుతున్నారట. “నేనూ వెళ్తానమ్మా” అంది.

నేనేం చేశానో దాచుకోకుండా చెబుతాను. స్కూటర్ తాళం తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. “నీకెందుకమ్మా ఇవన్నీ? బాగా చదువుకునే పిల్లవి” అన్నాను. అది అరవలేదు, ఏడవలేదు. “పుస్తకంలో ఉన్నప్పుడు బట్టీ పట్టించావుగా?” అని మాత్రం అని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఉగాది పచ్చడి ఆరోజు అది ముట్టలేదు.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని చెట్ల నరికివేత ఆపమంది. కోర్టు ఆదేశం మీద హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్ళి చూసి, దాదాపు వంద ఎకరాలు నాశనమైందని నివేదిక ఇచ్చారు. ఆ నేలని మళ్ళీ ఎలా బాగుచేస్తారో చెప్పమని అదే నెల 16న కోర్టు అడిగింది. టీవీలో ఆ వార్త చూస్తూ మా అమ్మాయి నావైపు చూడలేదు. నేనూ దానివైపు చూడలేకపోయాను. దాన్ని ఆరోజు ఆపినందుకు పూర్తిగా తప్పనీ అనుకోను. ఏ తల్లి భయం ఆ తల్లిది. కానీ ఆ భయానికి నేను పెట్టిన పేరు ‘చదువు’. అది మాత్రం తప్పే.

ఎర్రరంగు గీతలు

అదే సంవత్సరం ఆగస్టులో గొడవ దాని కాలేజీకే వచ్చింది.

అక్కడ వెనకవైపు నాలుగు పెద్దచెట్లున్నాయి. రెండు వేపలు, ఒక కానుగ, ఒక నిద్రగన్నేరు. ఆడపిల్లలు మధ్యాహ్నం డబ్బాలు తెరుచుకునేది వాటికిందే. ఓరోజు నాలుగింటి మొదళ్ళకీ ఎర్రరంగు చుట్టి ఉంది. కార్ల పార్కింగ్ కోసం కొట్టేస్తారని క్లర్కు చెప్పాడట. పిల్లలు వెళ్ళి ప్రిన్సిపాల్‌ని అడిగితే, “మీ పని మీరు చూసుకోండి, హాల్‌టిక్కెట్లు తీసుకోవాల్సింది మా దగ్గరే” అన్నారట.

“అమ్మా, కథలు రాస్తావు కదా, ఒక అర్జీ రాసిపెట్టలేవా?” అంది మా అమ్మాయి.

“చూద్దాంలే” అన్నాను. ఆ ‘చూద్దాంలే’లో నెలా పదిహేను రోజులు గడిచాయి. దసరా సెలవులకి ముందు కాలేజీలో బతుకమ్మ ఆడారు. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బస్తాల కొద్దీ పూలు తెప్పించారు. సెలవులయ్యాక వెళ్ళేసరికి ఒక వేప, కానుగ లేవు. మొదళ్ళు కూడా లేకుండా చదును చేసి కంకర పోశారు. మిగతా రెండింటికీ మనుషులు మళ్ళీ వస్తారని చెప్పారట.

ఆ సాయంత్రం మా అమ్మాయి నన్నేమీ అనలేదు. కానుగ ఆకు ఒకటి పుస్తకంలో పెట్టి తెచ్చింది, అంతే. రాత్రి అందరూ పడుకున్నాక కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

కథలో అయితే నాలుగు కన్నీటి చుక్కలు రాల్చేదాన్ని. అర్జీలో ప్రశ్నలే ఉండాలి. మూడు రాశాను. మొదటిది, మన రాష్ట్రంలో వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. చెట్టు సొంత స్థలంలో ఉన్నా కొట్టడానికి అధికారుల అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి కాగితం మాకు చూపిస్తారా? రెండవది, విద్యార్థినుల్లో ఎక్కువమంది బస్సుల్లో, ఆటోల్లో వస్తుంటే ఈ కార్ల పార్కింగ్ ఎవరికోసం? మూడవది, ఎండాకాలంలో ఆడపిల్లలు ఎక్కడ కూర్చుని అన్నం తినాలి?

సంతకాల కోసం తిరిగితే మనుషులు తెలిశారు. “హాల్‌టిక్కెట్ ఆపేస్తే?” అని కొందరు తలుపు సగమే తెరిచారు. వాళ్ళని నేనేమీ అనను. ఆర్నెల్ల కిందట నేనూ వాళ్ళలో దాన్నే. మా వీధి చివర కిరాణాకొట్టు ఆవిడ కాగితం చదవకుండానే సంతకం చేసింది. సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టుగా చేసే ఆవిడ మాత్రం రెండుసార్లు చదివి, “ధర్నా సీన్లు ఎన్ని చేశానో లెక్కలేదు వదినా. నిజం కాగితం మీద సంతకం పెట్టడం ఇదే మొదలు” అంది. మొత్తం పదకొండుమంది తల్లులం తేలాం.

యాజమాన్యం ఆయన మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టారు. కాగితం కప్పుల్లో టీ ఇప్పించారు. అర్జీ చదివి, నావైపు చూసి, “బాగా చదువుకునే పిల్లమ్మా మీ అమ్మాయి. మీకెందుకు ఇవన్నీ?” అన్నారు.

నా మాటే! ఉగాదినాడు నేనన్న మాటే, పొల్లుపోకుండా. మా అమ్మాయి పక్కనే ఉంది. టేబుల్ కింద నా చెయ్యి పట్టుకుంది.

అనుమతి కాగితం ఆయన చూపించలేదు. అర్జీకి ఇప్పటిదాకా జవాబూ రాలేదు. కానీ కొట్టేవాళ్ళు మాత్రం మళ్ళీ రాలేదు. తమాషా ఏమిటంటే, కంకర పోసిన చోట ఎండకి కార్లు పెనంలా కాలుతున్నాయని డ్రైవర్లు వాటిని తెచ్చి మిగిలిన నిద్రగన్నేరు నీడలోనే పెడుతున్నారు.

గ్లాసులు ఎవరు కడగాలి?

చెట్ల దగ్గర కాస్త ధైర్యం వచ్చాక పిల్లల చూపు క్యాంటీన్ మీద పడింది. రోజుకి మూడు పెద్ద బస్తాల కాగితం కప్పులు! కాగితమే కదా అనుకుంటాం. లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే టీ కారిపోదూ? ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో లెక్కకట్టి చెప్పిందేమిటంటే, వేడి టీ అందులో పదిహేను నిమిషాలుంటే కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు పాతికవేల దాకా అందులో కలుస్తాయి.

పిల్లలు ఉత్సాహంగా చందాలేసుకుని స్టీలు గ్లాసులు కొన్నారు. పదిరోజులు బాగానే నడిచింది. తర్వాత గ్లాసులు మాయమవడం మొదలైంది. ఎవరో ఎత్తుకుపోతున్నారనుకున్నారు. తీరా చూస్తే ఆయమ్మే వాటిని మూటగట్టి అటక మీద పెట్టేసింది! అడిగితే, “మీరు భూమిని కాపాడ్తరు సరే. గిన్ని గ్లాసులు కడిగేదెవరు? నేనే గద. జీతం పెంచిండ్రా?” అంది.

పిల్లలు తెల్లమొహాలేశారు. నాకు మాత్రం ఆమె మాట సూటిగా తగిలింది. మన ఇళ్ళలోనూ అంతే కదా! 2015లో ఇంటింటికీ తడిచెత్తకొకటి, పొడిచెత్తకొకటి అని రెండు డబ్బాలిచ్చారు. చాలా ఇళ్ళలో వాటిల్లో బియ్యమో, మాసిన బట్టలో పోసుకున్నారు. కొన్నిళ్ళలో మాత్రం చెత్త వేరుచేయడం మొదలైంది. ఎవరు చేశారు? ఆ ఇంటి ఇల్లాలో, పనిమనిషో! పర్యావరణం పేరుతో వచ్చే ప్రతి మంచిపనీ చివరికి ఓ ఆడమనిషి చేతులమీద పడుతుంది. ఆ పని పంచుకునే పద్ధతి లేకపోతే ఏ ఉద్యమమూ పదిరోజులు దాటదు.

అందుకని పద్ధతి మార్చారు. ఎవరి గ్లాసు వాళ్ళే ఇంటినుంచి తెచ్చుకోవాలి, తాగాక వాళ్ళే కడుక్కోవాలి. గ్లాసు తెచ్చుకున్న వాళ్ళకి టీ రూపాయి తక్కువకిచ్చేందుకు క్యాంటీన్ ఆయన ఒప్పుకున్నాడు. కప్పుల ఖర్చు తగ్గుతుంది కదా! ఇప్పుడు రోజుకి ఒక బస్తా కప్పులే పోగవుతున్నాయి. పూర్తిగా మానలేదు. లెక్చరర్లు ఇంకా కాగితం కప్పుల్లోనే తాగుతున్నారు.

రాలిన ఆకుల్ని ఇదివరకు తగలబెట్టేవారు. మా గుట్టల మీద ఎరువుగొయ్యి తవ్వాలంటే గునపం వంగిపోతుంది. కాబట్టి ఇనుపజాలీని గుండ్రంగా చుట్టి నిలబెట్టి, అందులో ఎండాకులు, క్యాంటీన్ కూరగాయ తొక్కలు వేశారు. మొదటిసారి కంపుకొట్టి, ఈగలు ముసిరి నానా గొడవైంది. మా అమ్మాయి దిగులుగా వచ్చి చెబితే నాకు నవ్వొచ్చింది. తొక్కలెక్కువ, ఆకులు తక్కువ వేశారు మరి! ఒక వంతు తొక్కలకి రెండు వంతులు ఎండాకు ఉండాలి. కాస్త పుల్లటి మజ్జిగో, పేడనీళ్ళో చల్లాలి. వారానికోసారి తిరగెయ్యాలి. రెండు నెలల్లో నల్లటి ఎరువు దిగింది. తడిపిన మట్టి వాసన తప్ప ఇంకే వాసనా లేదు. ఆయమ్మ గుప్పెడు తీసి చూసి, “గిది ఎరువంటే!” అని రెండు సంచులు తన ఇంటిముందు బీరపాదుకి పట్టుకుపోయింది.

మనం అడగాల్సినవి

కాలేజీలో సీటు కోసం వెళ్ళినప్పుడు మనం చాలా అడుగుతాం. పాస్ పర్సంటేజీ ఎంత? ప్లేస్‌మెంట్లు ఉన్నాయా? హాస్టల్లో ఏం పెడతారు? ఇకనుంచి ఇంకొన్ని కూడా అడుగుదాం.

చెత్త ఎక్కడికి పోతుంది? అయిదువేల చదరపు మీటర్లు దాటిన సంస్థలు చెత్తని వేరుచేయాలని, తడిచెత్తని వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగా మార్చుకోవాలని 2016 నాటి నిబంధనల్లోనే ఉండేది. అడిగే హక్కు మనకుంది.

కప్పుమీద పడిన వాననీళ్ళు ఎటు వెళ్తాయి? ఇంకుడుగుంత ఉందా? ఉంటే అది పూడిపోయి ఉందా, పనిచేస్తోందా?

ఎన్ని చెట్లున్నాయి? కిందటేడు ఎన్ని ఉండేవి? జూన్‌లో ఫొటోల కోసం నాటిన మొక్కల్లో మార్చికి ఎన్ని బతికాయి?

ఊడ్చేవాళ్ళకి చేతికి తొడుగులిస్తున్నారా? చెత్త తగలబెట్టమని వాళ్ళని ఎవరైనా బలవంతపెడుతున్నారా?

ఇక ప్రాజెక్టులు. పిల్లలు థర్మోకోల్ అడిగితే, నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. “ఇది కాక ఇంకేదైనా చేయకూడదా?” అని లెక్చరర్‌కి ఓ చీటీ రాసి పంపండి. కాలేజీలో ఉన్న చెట్ల పేర్లు రాసుకురమ్మంటే అదే పెద్ద ప్రాజెక్టు. క్యాంటీన్ చెత్తని వారంరోజులు తూచి పట్టిక వేయమంటే అదింకా పెద్దది. ఈ ఏడాది మా అమ్మాయి జూనియర్లు అలాగే చేశారట. ఈసారి క్యాంటీన్ వెనక భూగోళాల గుట్ట లేదు.

కిందటి వారం ఏదో సంతకం కోసం కాలేజీకి వెళ్ళి, పని అయ్యాక వెనక్కి నడిచాను. మిగిలిన వేపకీ, నిద్రగన్నేరుకీ మొదళ్ళ చుట్టూ ఎర్రరంగు ఇంకా అలాగే ఉంది. పిల్లలు దాన్ని తుడిచెయ్యాలనుకున్నారట, ఆయిల్ పెయింటు కావడంతో పోలేదు. ఎరువు వేసి కంకర అంచున విత్తిన తంగేడు గింజల్లో ఆరో ఏడో మొలిచాయి, జానెడు కూడా లేవు. మా అమ్మాయి చదువు వచ్చే ఏడాదితో అయిపోతుంది. దాని తర్వాత ఆ చెట్లని ఎవరు చూస్తారని అడిగాను. ఫస్టియర్‌లో చేరిన ఓ అమ్మాయి పేరు చెప్పింది. “వాళ్ళమ్మ ఒప్పుకుంటుందా?” అన్నాను.

“నువ్వోసారి మాట్లాడమ్మా” అంది.

ఈ ఆదివారం వెళ్తున్నాను వాళ్ళింటికి. మీ ఊళ్ళో, మీ పిల్లల కాలేజీలో కూడా ఈసారి పేరెంట్స్ మీటింగు అయిపోగానే గబగబా గేటు వైపు నడవకండి. ఒక్కసారి క్యాంటీన్ వెనక్కి కూడా వెళ్ళి చూసి రండి.